ఊరి బయలు ఎవరిది? గ్రామీణ విహారంలో స్థానిక సంస్థల సహకారం: సికింద్రాబాద్ పరిసరాల నుంచి నల్లమల దాకా

పరిశోధన సారాంశం

గ్రామీణ ప్రాంతాల్లో ఆరుబయలు విహారం ఏ ఒక్క సంస్థ వల్లా సాగదు. నేల ఒకరి అధీనంలో ఉంటుంది, దారి తెలిసినవారు వేరొకరు, శిక్షణ ఇచ్చేవారు ఇంకొకరు, ఖర్చు భరించేవారు మరొకరు. ఈ నలుగురి మధ్య సహకారం ఏ పద్ధతిలో కుదురుతున్నదో, అందులో ఊరికి దక్కుతున్న స్థానమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. రాజ్యాంగం 11వ, 12వ షెడ్యూళ్ల మధ్య ఉన్న ఒక తేడాను ఆధారంగా తీసుకొని, తెలంగాణలోని పల్లె ప్రకృతి వనాలు, క్రీడాప్రాంగణాలు, భువనగిరి కొండ, అమ్రాబాద్ పులుల అభయారణ్యం అనే ఉదాహరణలను పరిశీలిస్తుంది. సహకారం అనుమతి స్థాయిలో ఆగిపోయినచోట ఊరు కేవలం దారిగా మిగులుతుందని, హక్కు స్థాయికి చేరినచోట భాగస్వామి అవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆరుబయలు విహారం, గ్రామపంచాయతీ, ఉమ్మడి భూములు, భువనగిరి, అమ్రాబాద్, చెంచులు, వన సంరక్షణ సమితి.

1. ప్రవేశిక

తెలుగువారికి ఆరుబయలు విహారం కొత్త విషయం కాదు. కార్తికమాసంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు, గుట్టమీది దేవుడికి ఏటా జరిగే జాతర, చెరువుగట్టున బతుకమ్మ, కోతలయ్యాక ఖాళీ చేలల్లో కబడ్డీ - ఇవన్నీ ఊరి జీవితంలో భాగాలే. వీటిని నడపడానికి ప్రత్యేకమైన సంస్థ అవసరం కాలేదు. చెరువు శిఖం, బంచరాయి, తోపు, గుట్ట వంటి ఉమ్మడి స్థలాలు ఊరికి అందుబాటులో ఉండటమే అందుకు కారణం. ఆ స్థలాలు ఒక్కొక్కటిగా ఇళ్ల స్థలాలుగా, క్వారీలుగా, ప్రహరీ కట్టిన ఆవరణలుగా మారుతున్నకొద్దీ ఒకనాడు అడగకుండానే దొరికిన బయలు కోసం ఇప్పుడు ఎవరినో ఒకరిని అడగవలసి వస్తున్నది. అలా అడగవలసి వచ్చినప్పుడే సంస్థల మధ్య సహకారం అన్న ప్రశ్న పుడుతుంది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి సికింద్రాబాద్ అనువైన కేంద్రం. 1806లో దండు స్థావరంగా ఏర్పడి, నిజాం సికిందర్ జా పేరును పొందిన ఈ నగరానికి 1874లో రైలు వచ్చింది. 1966లో దక్షిణ మధ్య రైల్వేకు ఇది ప్రధాన కేంద్రమైంది. ఇక్కడినుంచి కాజీపేట వైపు వెళ్లే రైలుమార్గం భువనగిరి కొండ పక్కనుంచి సాగుతుంది. వాడి వైపు వెళ్లే మార్గం అనంతగిరి గుట్టలకు దగ్గరలోని వికారాబాద్ మీదుగా పోతుంది. నగరం నుంచి సెలవురోజున పల్లె వైపు సాగే విహారయాత్రలకు ఈ రెండు దారులూ ఆలంబనగా ఉన్నాయి. హుస్సేన్‌సాగర్ ఒడ్డున బోట్స్ క్లబ్ వెనుక ఉన్న యూత్ హాస్టల్ దూరప్రాంతాల యువతకు విడిదిగా ఉపయోగపడుతున్నది. జంటనగరాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ వంటి బృందాలు కొండలు, అడవులు, చెరువుల వెంట నడకలు నిర్వహిస్తున్నాయి. విహరించేవారు నగరంలో ఉన్నారు, విహారస్థలం ఊళ్లో ఉంది. ఈ రెంటినీ కలిపే ఏర్పాటు ఎవరిదన్నదే పరిశీలనాంశం.

2. మాట - పరిధి: పర్యాటకమా, విహారమా?

ప్రభుత్వ వ్యవహారంలో ఈ రంగమంతా ‘పర్యాటకం’ అనే మాట కిందికి వస్తుంది. ఈ మాటకు ఒక పరిమితి ఉంది. పర్యాటకుడంటే బయటినుంచి వచ్చినవాడు. అతడి రాక లెక్కకు వస్తుంది, అతడు చెల్లించిన రుసుము ఆదాయపద్దుకు ఎక్కుతుంది. తన ఊరి గుట్టను తానే ఎక్కే పిల్లవాడు, తన చెరువుగట్టున తానే నడిచే వృద్ధురాలు ఈ లెక్కలో కనిపించరు. అందువల్ల పర్యాటకాభివృద్ధి అనే పేరుతో జరిగే పని ఊరివారి విహారాన్ని పెంచవచ్చు, తగ్గించనూ వచ్చు. రెండింటిలో ఏది జరిగినా అది నివేదికలో కనిపించదు.

‘విహారం’ అనే మాట ఇంతకంటే విశాలమైనది. విహరించేవారు లోపలివారా, బయటివారా అన్న భేదం దానికి లేదు. ఈ వ్యాసంలో ‘ఆరుబయలు విహారం’ అనే పదబంధాన్ని నడక, కొండెక్కడం, ఆట, వనభోజనం, జాతరనడక అన్నింటికీ కలిపి వాడటం జరిగింది. ఇలా వాడినప్పుడు సంస్థల సహకారాన్ని అంచనా వేయడానికి రెండు కొలబద్దలు దొరుకుతాయి. మొదటిది, బయటివారికి స్థలం ఎంత సులభంగా అందింది అన్నది. రెండవది, ఊరివారికి అదే స్థలం ఎంతవరకు మిగిలింది అన్నది.

3. రెండు షెడ్యూళ్ల మధ్య తేడా

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామీణ స్థానిక సంస్థల కోసం 11వ షెడ్యూలును చేర్చింది. అందులో 29 అంశాలున్నాయి. అదే ఏటి 74వ సవరణ పట్టణ స్థానిక సంస్థల కోసం 12వ షెడ్యూలును చేర్చింది. అందులో మొదట పొందుపరిచిన అంశాలు 18. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. 12వ షెడ్యూలులోని 12వ అంశం పార్కులు, ఉద్యానాలు, ఆటస్థలాలను పట్టణ సౌకర్యాలుగా పేర్కొన్నది. 11వ షెడ్యూలులో ఆటస్థలమన్న మాట లేదు, ఉద్యానం లేదు, క్రీడలు లేవు, పర్యాటకమూ లేదు. దగ్గరగా వచ్చే అంశాలు మాత్రం కొన్ని ఉన్నాయి. 6వ అంశం సామాజిక అడవులు, 13వ అంశం రోడ్లు, జలమార్గాలు, 21వ అంశం సాంస్కృతిక కార్యక్రమాలు, 22వ అంశం సంతలు, జాతరలు, 29వ అంశం ఉమ్మడి ఆస్తుల నిర్వహణ.

11వ షెడ్యూలులో లేనంత మాత్రాన పంచాయతీ ఆటస్థలం ఏర్పరచకూడదని అర్థం కాదు. రాష్ట్రాలు తమ చట్టాల ద్వారా అదనపు విధులను అప్పగించవచ్చు. అయితే ఈ తేడా వెనుక ఒక ఊహ ఉంది. నగరంలో బయలు అరుదు కాబట్టి దాన్ని ఎవరో ఒకరు ఏర్పాటు చేయాలి, ఊళ్లో బయలుకు కొదవ లేదు కాబట్టి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు అన్నది ఆ ఊహ. ఉమ్మడి భూములు కుదించుకుపోయిన ఊళ్ల విషయంలో ఈ ఊహ నిలవదు. ఫలితంగా గ్రామీణ విహారం ఏ ఒక్క సంస్థకూ సొంతపని కాకుండా పోయింది. నాలుగు సంస్థలు తమతమ పనుల్లో కొంత భాగాన్ని ఒకచోట చేర్చినప్పుడే అది రూపుదిద్దుకుంటుంది. పట్టణంలో పార్కు ఒక శాఖ బాధ్యత అయితే, ఊళ్లో అది ఒక ఒప్పందానికి ఫలితం.

4. పథకం ద్వారా సహకారం: పల్లె ప్రకృతి వనం, క్రీడాప్రాంగణం

ఇలాంటి ఒప్పందానికి సమీపకాలపు ఉదాహరణలు పల్లె ప్రకృతి వనాలు, తెలంగాణ క్రీడాప్రాంగణాలు. తెలంగాణలో 12 వేలకు పైగా గ్రామపంచాయతీలున్నాయి. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం మొక్కల పెంపకాన్ని, నాటిన మొక్కల సంరక్షణను పంచాయతీ బాధ్యతల్లో ముఖ్యమైనదిగా చేసింది. పల్లెప్రగతి కార్యక్రమంలో భాగంగా 2020 నుంచి ఊరూరా పల్లె ప్రకృతి వనాలు ఏర్పడ్డాయి. 2022లో క్రీడాప్రాంగణాల కార్యక్రమం మొదలైంది. వాలీబాల్, ఖోఖో, కబడ్డీ ఆటలకు స్థలం, వ్యాయామానికి బార్లు వీటిలో ముఖ్యమైనవి.

ఈ రెండింటిలోనూ సహకారం జరిగిన తీరు గమనార్హం. స్థలాన్ని గుర్తించేది రెవెన్యూ యంత్రాంగం. చదును చేయడం, గుంతలు తీయడం ఉపాధిహామీ కూలీల పని. మొక్కలు వచ్చేది గ్రామ నర్సరీ నుంచి. నీళ్లు పోసేది పంచాయతీ ట్యాంకరు. పర్యవేక్షణ మండల స్థాయి అధికారులది. ఒకే స్థలంలో ఇన్ని యంత్రాంగాల పని కలవడం చిన్న విషయం కాదు. రాజ్యాంగ జాబితాలో లేని ఆటస్థలం, సామాజిక అడవులు, ఉమ్మడి ఆస్తుల నిర్వహణ అనే రెండు అంశాల సాయంతో ఊళ్లోకి ప్రవేశించిందని చెప్పవచ్చు.

అయితే పథకం ద్వారా కుదిరిన సహకారానికి కొన్ని హద్దులున్నాయి. స్థలనిర్ణయం ప్రభుత్వభూమి లభ్యతను బట్టి జరుగుతుంది కాని, ఊరివారి రాకపోకలను బట్టి కాదు. భూమి ఊరికి దూరంగా దొరికితే సాయంత్రం పూట ఆడపిల్లలు అక్కడికి వెళ్లగలరా అన్న ప్రశ్న స్థలం కేటాయించాక మాత్రమే ఎదురవుతుంది. అప్పటిదాకా మేకలు మేసిన చోట వనం వెలిస్తే కాపరికి మరో బీడు చూపాలి. నిర్మాణానికి ఉన్నంత స్పష్టత నిర్వహణకు లేకపోవడం మరొక హద్దు. గుంత తీసినందుకు కూలీ లెక్క ఉంటుంది, మూడేళ్ల తర్వాత విరిగిన బార్‌ను బాగుచేయడానికి ఎవరి పద్దులోంచి డబ్బు తీయాలన్నది పంచాయతీ ఆదాయం మీద ఆధారపడుతుంది. యువజన సంఘం, మహిళా సంఘం, పాఠశాల వంటి స్థలాన్ని వాడుకునే సంస్థలకు మొదటినుంచీ పాత్ర ఉన్నప్పుడే ఈ లోటు తీరుతుంది.

5. శిక్షణ ద్వారా సహకారం: భువనగిరి కొండ

సికింద్రాబాద్‌కు ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరంలో, 500 అడుగుల ఎత్తున నిలిచిన ఏకశిల భువనగిరి. పశ్చిమ చాళుక్య ప్రభువు త్రిభువనమల్ల ఆరవ విక్రమాదిత్యుడి పేరుమీద త్రిభువనగిరిగా మొదలైన ఈ పేరు క్రమంగా భువనగిరిగా స్థిరపడింది. కొండమీది కోట రాష్ట్ర వారసత్వ శాఖ రక్షణలో ఉంది. కొండ అడుగున ఉన్నది పట్టణమే అయినా, దాని వాలు మీద శిక్షణ పొందిన పిల్లల వల్ల ఇది గ్రామీణ విహార చరిత్రలో భాగమైంది.

2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యాలయాల సంస్థ తన విద్యార్థులకు ఈ కొండమీద శిలారోహణ శిక్షణ ఇప్పించింది. శిక్షణ పొందినవారిలో ఎంపికైన కొందరు డార్జిలింగ్‌లోని హిమాలయ పర్వతారోహణ సంస్థకు వెళ్లారు. ఆ తర్వాత లద్దాఖ్ చలిలో సాధన చేశారు. చివరకు నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కలేరుకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్టు శిఖరాన్ని చేరారు. అప్పటికి పూర్ణ వయసు 14 ఏళ్లు నిండలేదు. నేపాల్ వైపున చిన్నవయసు వారికి అనుమతి లేనందువల్ల వారు టిబెట్ వైపునుంచి ఎక్కారు. 2022లో పూర్ణ ఏడు ఖండాల ఎత్తైన శిఖరాల వరుసను పూర్తిచేసింది.

ఈ విజయాన్ని వ్యక్తుల సాహసంగా చెప్పుకోవడం పరిపాటి. సంస్థల కోణంలో చూస్తే ఇది ఒక అరుదైన కలయిక. వారసత్వ శాఖ అధీనంలోని కొండ, గురుకుల సంస్థ నిధులు, అనుభవజ్ఞులైన పర్వతారోహకుల శిక్షణ, డార్జిలింగ్ సంస్థ నైపుణ్యం ఒకే లక్ష్యానికి చేరాయి. ఖర్చుతో కూడిన నగర క్లబ్బుల క్రీడగా కనిపించే శిలారోహణను వ్యవసాయ కూలీల ఇళ్లనుంచి వచ్చిన పిల్లలకు అందించడంలో నిర్ణాయకపాత్ర గురుకుల సంస్థది. ప్రభుత్వ విద్యాసంస్థ ఒకటి విహారాన్ని చదువులో భాగంగా గుర్తించడమే ఇక్కడ మలుపు.

ఈ నమూనాకూ ఒక పరిమితి ఉంది. పిల్లలు ఊరినుంచి గురుకులానికి, గురుకులం నుంచి కొండకు, కొండనుంచి హిమాలయానికి వెళ్లారు. సహకారం వారిని ఊరినుంచి పైకి తీసుకుపోయింది. వారి సొంత ఊరి గుట్టకు అలాంటి శిక్షకుడు రావడం ఈ నమూనాలో భాగం కాదు. గుట్టలకే ముప్పు ఉన్న చోట ఈ లోటు మరింత బాధిస్తుంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి దక్కన్ శిలలు క్వారీల్లో కంకరగా మారుతున్న దశలో, 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ హైదరాబాద్ పరిసరాల్లో రాళ్లమధ్య నడకలు నిర్వహిస్తూ వాటి రక్షణకోసం ప్రభుత్వంతో సంప్రదిస్తూ వచ్చింది. ఆ కృషి ఒక సూత్రాన్ని తెలియజేస్తుంది. జనం నడిచే గుట్ట తరఫున మాట్లాడేందుకు మనుషులు ఉంటారు. ఎవరూ ఎక్కని గుట్ట క్వారీ గుత్తకు సులభంగా పోతుంది.

6. అడవిలో సహకారం: అమ్రాబాద్

సికింద్రాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే రహదారి నల్లమలలోకి ప్రవేశించే చోట విషయం మరింత సంక్లిష్టమవుతుంది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఇది చెంచుల నివాసభూమి కూడా. ఇక్కడ విహారానికి సంబంధించి కనీసం మూడు చట్టాలు కలుస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అటవీశాఖకు అధికారమిస్తుంది. 2006 నాటి అటవీహక్కుల చట్టం చెంచుల హక్కును గుర్తిస్తుంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతపు గ్రామసభకు మాట ఇస్తుంది. జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2012లో ప్రకటించిన మార్గదర్శకాలు కోర్ ప్రాంతంలో పర్యాటకాన్ని 20 శాతం విస్తీర్ణానికి మించనీయవద్దని, స్థానిక సలహాసంఘం ఉండాలని నిర్దేశించాయి.

2021లో అటవీశాఖ మన్ననూరు కేంద్రంగా రాత్రి బస, సఫారీ, అడవినడక కలిపిన ఏర్పాటును ప్రారంభించింది. స్థానికుల సేవలు ఇందులో కీలకం. ఇక్కడ చెంచు యువకుడి పాత్రను రెండు రకాలుగా అర్థం చేసుకోవచ్చు. దారి చూపినందుకు దినవేతనం తీసుకునే పనివాడిగా చూడటం ఒకటి. జాడ, నీటిచెలమ, చెట్టు, ఋతువు తెలిసిన జ్ఞానానికి యజమానిగా చూడటం మరొకటి. ఈ రెంటిలో దేన్ని ఒప్పందపత్రం గుర్తిస్తుందన్న దానిమీద సహకారం స్వభావం ఆధారపడుతుంది.

అదే అడవిలో ఏటా చైత్రపౌర్ణమి రోజుల్లో జరిగే సలేశ్వరం జాతర మరో నమూనా. లోయలోని జలపాతం దగ్గరున్న శివుడి దర్శనానికి జనం కాలినడకన దిగుతారు. పూజాధికారం చెంచులది. దారిని, రోజులను నియంత్రించేది అటవీశాఖ. బస్సులు నడిపేది ఆర్టీసీ. అన్నం, నీళ్లు అందించేవి స్వచ్ఛంద బృందాలు. భక్తి, విహారం, అడవినడక విడదీయలేనంతగా కలిసిన ఈ సందర్భంలో చెంచుల స్థానాన్ని ఏ పథకమూ కల్పించలేదు. ఆచారమే దాన్ని నిలిపింది. కొత్త విహారఏర్పాట్లకు ఈ పాత జాతర నుంచి నేర్చుకోదగిన పాఠం ఇదే. స్థానికుల స్థానం వచ్చేవారి సంఖ్యను బట్టి మారకూడదు.

7. పోలిక: మారేడుమిల్లి, ఇంగ్లండు, స్వీడన్

ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ఉమ్మడి అటవీ యాజమాన్యంలో భాగంగా వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. మారేడుమిల్లి, తలకోన వంటి చోట్ల విహారకేంద్రాల నిర్వహణను ఈ సమితుల చేతికి అప్పగించే ప్రయత్నం జరిగింది. వంట, బస, దారిచూపడం వంటి పనులు ఊరివారి సంఘం పేరుమీద సాగడం ఈ నమూనా విశేషం. అటవీశాఖ ఆధిపత్యం తొలగిపోలేదు గాని, ఊరికి ఒక సంఘరూపం, ఒక పద్దుపుస్తకం ఏర్పడ్డాయి. వ్యక్తిగా కూలి అడగడానికీ, సంఘంగా వాటా అడగడానికీ చాలా దూరం ఉంది.

ఇతర దేశాల్లో ఈ సమస్య భూమిహక్కు రూపంలో వచ్చింది. ఇంగ్లండులో 1932లో కిండర్ స్కౌట్ గుట్టమీదికి మాంచెస్టర్ ప్రాంతపు శ్రామికులు నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. ఆ రకమైన ఆందోళనల నేపథ్యంలో 1949లో జాతీయ ఉద్యానాల, గ్రామీణ ప్రవేశాల చట్టం వచ్చింది. స్వీడన్‌లో ఎవరి నేలమీదనైనా హాని చేయకుండా నడిచే హక్కు ఆచారంగా నిలిచి, రాజ్యాంగంలోనూ చోటు పొందింది. ఆ రెండు చోట్లా నడిచేవారి హక్కే కేంద్రం. తెలుగునేల మీద ప్రశ్న తిరగబడి ఉంది. నగరంనుంచి వచ్చినవారికి దారి సులభంగానే దొరుకుతున్నది. ఆ దారిపక్కన ఉన్నవారి హక్కును నిలపడమే ఇక్కడ అసలు పని.

8. సహకారాన్ని కొలిచే నాలుగు ప్రశ్నలు

పై ఉదాహరణల నుంచి ఏ విహారస్థలానికైనా వర్తించే నాలుగు ప్రశ్నలను రూపొందించవచ్చు. చెత్త ఎవరు ఎత్తుతున్నారు? దారి ఎవరు చూపుతున్నారు? రుసుము ఎవరి పద్దులో జమ అవుతున్నది? ప్రమాదం జరిగితే జవాబు చెప్పేదెవరు? మొదటి రెండు పనులు ఊరివి, చివరి రెండూ బయటి సంస్థలవి అయినప్పుడు దాన్ని సహకారమనడం కష్టం. నాలుగింటిలోనూ ఊరికి పేరున్నప్పుడే ఆ మాటకు అర్థం ఉంటుంది. ఆదివారం వచ్చివెళ్లే బృందం ప్లాస్టిక్ సీసాలను వెనక్కి తీసుకుపోవడం మర్యాద మాత్రమే. పంచాయతీతో ముందుగా మాట్లాడి, స్థానిక మార్గదర్శికి నిర్ణీత రుసుము చెల్లించి, అత్యవసర సమయంలో ఎవరిని పిలవాలో రాసిపెట్టుకోవడం సహకారం.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. నగరానికి పార్కు, ఆటస్థలం రాజ్యాంగ జాబితాలో ఉన్నాయి. ఊరికి అవి లేవు. అందువల్ల గ్రామీణ విహారం సంస్థల కలయిక మీదనే ఆధారపడుతున్నది.

2. పథకం ద్వారా వచ్చిన సహకారం నిర్మాణంలో బలమైనది, నిర్వహణలో బలహీనమైనది. వాడుకునే సంఘాలకు మొదటినుంచీ పాత్ర కల్పించడం దీనికి పరిష్కారం.

3. భువనగిరి నమూనా విద్యాసంస్థల శక్తిని నిరూపించింది. అదే శిక్షణ ఊరి గుట్టల దాకా చేరినప్పుడు పిల్లలతోపాటు గుట్టలకూ రక్షణ దొరుకుతుంది.

4. అడవిలో స్థానికుల భాగస్వామ్యానికి దినవేతనం సరిపోదు. సంఘరూపం, వాటా, గ్రామసభ ఆమోదం అవసరం.

ఈ అంశాల్లో తెలుగుశాఖలు చేయదగిన పని కూడా ఒకటుంది. గుట్టలకు, చెలమలకు, కాలిబాటలకు ఊరివారు పెట్టుకున్న పేర్లు చాలావరకు ఏ పటంలోనూ లేవు. చెంచుపెంటల్లో, గుట్టకింది పల్లెల్లో ఆ పేర్లను, వాటి వెనుకనున్న కథలను సేకరించి పంచాయతీలకు అందిస్తే, విహారస్థలాల్లో నిలిపే బోర్డులు ఊరి మాటతోనే మొదలవుతాయి. స్థలానికి ఊరు పెట్టిన పేరు బోర్డుమీద ఉన్నచోట, ఆ స్థలం ఊరిదన్న వాదనకు ఒక ఆధారం కూడా దొరుకుతుంది.